పర్షియన్ పిల్లి: పేరు, రూపం, స్వభావం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

'పర్షియన్ పిల్లి' అన్న పేరుతో నేడు ప్రపంచమంతటా పెంచుతున్న పొడవాటి బొచ్చు పిల్లికి పర్షియా దేశంతో ఉన్న సంబంధం ఎంత? దానికి ఆపాదించే 'ప్రశాంత స్వభావం' ఏనాటిది? 17వ శతాబ్ది యాత్రికుల లేఖల నుంచి 21వ శతాబ్ది జన్యు అధ్యయనాల వరకు లభిస్తున్న ఆధారాలతో ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ పిల్లి పేరును వాణిజ్యం, రూపాన్ని ప్రదర్శనశాల, స్వభావాన్ని గృహజీవితం నిర్ణయించాయని, ఈ మూడింటినీ కలిపి ఒక ప్రాచీన 'జాతి లక్షణం'గా చెప్పుకోవడం చరిత్రకు నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దీని సోదర రకంగా పేరుపొందిన అంగోరా పిల్లి చరిత్రను తులనాత్మకంగా పరిశీలిస్తుంది. 'జాతి' అన్న తెలుగు పదం వాడుకలో ఉన్న చిక్కును కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: పర్షియన్ పిల్లి, అంగోరా పిల్లి, జాతి, స్వభావం, ప్రదర్శన ప్రమాణాలు, పెంపకం చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగు లోకోక్తులలో పిల్లికి ఒక స్థిరమైన స్వభావం ఉంది. అది కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది, ఎలుకతో చెలగాటమాడుతుంది, దాని శాపాలకు ఉట్లు తెగవు. ఈ సామెతల్లోని పిల్లికి ఊరు లేదు, వంశం లేదు. అది ఏ ఇంటి పిల్లి అయినా కావచ్చు. పిల్లి స్వభావం గురించి మాట్లాడిన మన పూర్వులు పిల్లుల్లో రకాలను బట్టి స్వభావాన్ని విడదీయవలసిన అవసరాన్ని గుర్తించలేదు.

నేటి పరిస్థితి వేరు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో పెంపుడు జంతువుల వ్యాపారం పెరిగిన తరువాత 'పర్షియన్' అన్న మాట తెలుగు వాడుకలో స్థిరపడింది. ఆ మాటతో పాటు ఒక స్వభావ వర్ణన కూడా వచ్చింది. పర్షియన్ పిల్లి నెమ్మదైనది, గోల చేయనిది, ఒళ్ళో కూర్చునేది, రాచరికపు ఠీవి కలది అని చెబుతారు. ఈ వర్ణన వెనుక పర్షియా రాజప్రాసాదాల ఊహ ఒకటి లీలగా కనిపిస్తుంది. ఒక దేశం పేరు, ఒక శరీరరూపం, ఒక మనోధర్మం అనాదిగా కలిసే ఉన్నాయన్న భావన ఇందులో ఉంది. ఈ మూడూ ఎప్పుడు, ఎక్కడ, ఎవరి వల్ల కలిశాయో విడివిడిగా చూస్తే భిన్నమైన చిత్రం కనిపిస్తుంది.

2. పేరు: యాత్రికులు, బేహారులు:

పర్షియాలోని పొడవాటి బొచ్చు పిల్లుల గురించి ఐరోపా పాఠకులకు తెలిపిన తొలి రచయితల్లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లే ముఖ్యుడు. కెళది నాయకుల కాలపు ఇక్కేరిని వర్ణించిన యాత్రికుడిగా ఈయన దక్షిణ భారత చరిత్ర విద్యార్థులకు పరిచితుడే. భారతదేశానికి రాకముందు ఆయన షా అబ్బాస్ పాలనలోని పర్షియాలో కొన్నేళ్ళు గడిపాడు. 1620 ప్రాంతంలో రాసిన లేఖలో ఖొరాసాన్ ప్రాంతపు పిల్లుల గురించి చెప్పాడు. అవి ఆకారంలో మామూలు పిల్లుల వంటివేనని, వాటి అందమంతా పట్టులా మెరిసే బూడిదవన్నె బొచ్చులోను, కుచ్చు తోకలోను ఉందని వర్ణించాడు. కొన్ని జంటలను రోముకు తీసుకువెళ్ళాలన్న కోరికను కూడా వెల్లడించాడు.

ఈ వర్ణనలో గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, పిల్లి ఆకారం మామూలు పిల్లి ఆకారమే. చదునైన ముఖం ప్రసక్తి ఇందులో లేదు. రెండవది, ఇవి పర్షియా అంతటా ఉండే పిల్లులు కావు, ఖొరాసాన్ పిల్లులు. నాటి ఖొరాసాన్ నేటి ఇరాన్ ఈశాన్య భాగాన్ని, అఫ్ఘానిస్తాన్‌లో కొంత భాగాన్ని కలుపుకొన్న విశాల ప్రాంతం.

దాదాపు రెండు శతాబ్దాల తరువాత లభించే మరొక సాక్ష్యం ఇంకా ముఖ్యమైనది. ఈస్టిండియా కంపెనీ రాయబారిగా 1809లో పెషావరులో షా షుజాను కలిసిన మౌంట్‌స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్, కాబూల్ రాజ్యాన్ని గురించి 1815లో ఒక బృహద్గ్రంథం ప్రచురించాడు. అందులో అక్కడి జంతువులను పేర్కొంటూ, 'బూరాక్' అనే పొడవాటి బొచ్చు పిల్లులు పెద్దసంఖ్యలో ఎగుమతి అవుతాయని రాశాడు. వాటిని అంతటా 'పర్షియన్ పిల్లులు' అనే పిలుస్తారని, నిజానికి పర్షియాలో అవి అంత విస్తారంగా లేవని, అక్కడి నుంచి ఎగుమతి కావడం కూడా లేదనదగినంత అరుదని స్పష్టం చేశాడు.

అంటే ఇంగ్లండులో తొలి పిల్లుల ప్రదర్శన జరగడానికి అర్ధశతాబ్దానికి పైగా ముందే 'పర్షియన్' అన్నది పుట్టుకను తెలిపే మాట కాదని, అది బజారులో సరుకుకు తగిలించిన గుర్తు అని ఒక సమకాలికుడు గుర్తించాడు. కాబూలు సరుకుకు పర్షియా పేరు తగలడంలో వింత లేదు. కొనేవారికి తెలిసిన పేరే సరుకుకు గిరాకీ తెస్తుంది.

ఈ విషయం తెలుగువారికి మరొక ఉదాహరణతో సులభంగా బోధపడుతుంది. మన ఒంగోలు పశువులు బ్రెజిలులో 'నెలోర్' అన్న పేరుతో ప్రసిద్ధి పొందాయి. అవి అక్కడికి చేరిన 19వ శతాబ్దిలో ఒంగోలు నెల్లూరు జిల్లాలో అంతర్భాగం. పశువుకు పుట్టిన గడ్డ పేరుకు బదులు పాలనా కేంద్రం పేరు నిలిచింది. పేరు నిలిచిన తరువాత దాని వెనుక ఉన్న చరిత్రను కొనుగోలుదారు అడగడు.

3. అంగోరా: మరొక ఊరు, మరొక పేరు:

పర్షియన్ పిల్లి చరిత్రను అంగోరా పిల్లి నుంచి విడదీసి చెప్పలేం. నేటి టర్కీ రాజధాని అంకారాకు ఐరోపా భాషల్లో ఉన్న పాత పేరు అంగోరా. మేక, కుందేలు, పిల్లి అన్న మూడు జంతువుల పొడవాటి రోమాలతో ఈ ఊరి పేరు ముడిపడింది. ఫ్రాన్సులో ఈ పిల్లులను తొలినాళ్ళలో పెంచినవారిలో ఎక్స్ నగర పండితుడు పేరెస్క్ (1580–1637) ఒకడు. ఫ్రెంచి చిత్రకారుడు బాషెలియే 1761 ప్రాంతంలో సీతాకోకచిలుకను వెంటాడుతున్న తెల్లని అంగోరా పిల్లిని చిత్రించాడు. ఆ చిత్రంలోని పిల్లి చలాకీగా ఉంటుంది. ఒళ్ళో కదలకుండా కూర్చునే పిల్లి కాదు.

అంగోరాలోని మూడు జంతువులకూ పొడవాటి రోమాలు ఉండటం ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ దృష్టిని ఆకర్షించింది. ఆయన దీనిని ఆ ప్రాంతపు శీతోష్ణస్థితి ప్రభావంగా భావించాడు. మరికొందరు వేరే వివరణ వెతికారు. మధ్య ఆసియాలోని దట్టమైన బొచ్చు గల అడవిపిల్లిని పీటర్ సైమన్ పల్లాస్ 1776లో శాస్త్రీయంగా వర్ణించిన తరువాత, పొడవాటి బొచ్చు పెంపుడు పిల్లులు దాని సంతతి కావచ్చునన్న ఊహ బలపడింది. ఒకరు నేలను, మరొకరు రక్తాన్ని కారణంగా చూపారు. పొడవాటి బొచ్చుకు ప్రత్యేక మూలం ఉండి తీరాలన్న నమ్మకం మాత్రం ఇద్దరికీ సమానమే.

4. ప్రదర్శనశాల: రూపానికి ప్రమాణాలు:

1871 జూలై 13న లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వీర్ అనే చిత్రకారుడు పిల్లుల ప్రదర్శన ఏర్పాటు చేశాడు. వ్యవస్థీకృతమైన ఆధునిక పిల్లుల ప్రదర్శనలకు దీనినే ప్రారంభంగా పరిగణిస్తారు. ఎలుకలు పట్టే జంతువుగా చిన్నచూపుకు గురైన పిల్లికి గౌరవం తేవడం తన ఉద్దేశమని ఆయన చెప్పుకున్నాడు. అయితే బహుమతి ఇవ్వాలంటే పోలిక కావాలి; పోలికకు ప్రమాణం కావాలి. వీర్ ఒక్కొక్క రకానికి తల, కళ్ళు, బొచ్చు, తోక వంటి అంగాల వారీగా గుణాంకాలు నిర్ణయించాడు. మొత్తం నూరు గుణాలు. 1889లో వెలువడిన ఆయన గ్రంథంలో ఈ పట్టికలు ఉన్నాయి.

అంతవరకు బజారు పేరుగా ఉన్న 'పర్షియన్' ఈ దశలో ఒక లిఖిత నిర్వచనంగా మారింది. వీర్ పర్షియన్‌ను, అంగోరాను, రష్యన్ పొడవు బొచ్చు పిల్లిని వేర్వేరుగా వర్ణించాడు. బొచ్చు మెత్తదనం, తోక పొడవు వంటి సూక్ష్మభేదాలతో వాటిని విడదీశాడు. ఆ భేదాలు ఆయనకు నిజంగా కనిపించి ఉండవచ్చు. కానీ ఆ పిల్లులు ఒకే నగరంలో, ఒకే పెంపకందారుల ఇళ్ళలో ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. కాగితం మీద విడిపోయినవి ఇళ్ళలో కలిసిపోతున్నాయి.

ఈ వైరుధ్యాన్ని 1903లో ఫ్రాన్సెస్ సింప్సన్ ఒక్క నిర్ణయంతో పరిష్కరించింది. పిల్లుల పెంపకంపై ఆనాటి ప్రామాణిక గ్రంథంగా పేరుపొందిన తన రచనలో ఆమె పొడవాటి బొచ్చు పిల్లులన్నిటినీ పర్షియన్లుగానే పరిగణించింది. అంగోరాకు, పర్షియన్‌కు మధ్య చెప్పే తేడాలు అతి సూక్ష్మమని, అంగోరా అన్న రకం తమ మధ్య నుంచి క్రమంగా కనుమరుగైందని, అందువల్ల దానిని వదిలివేస్తున్నానని ఆమె వివరణ ఇచ్చింది. తన నిర్ణయం తప్పు కావచ్చునని ఒప్పుకోవడం ఆమె నిజాయితీకి నిదర్శనం. అయినా ఫలితం మారలేదు. ఒక పేరు మరొక పేరులో లయమైంది.

బ్రిటిష్ పెంపకందారుల సంఘాల సమాఖ్య 1910లో ఏర్పడింది. దాని పట్టికల్లో ఈ పిల్లులకు చాలాకాలం అధికారిక నామం 'పొడవు బొచ్చు పిల్లి' మాత్రమే. అందులో ఒక్కొక్క రంగునూ ఒక్కొక్క ప్రత్యేక రకంగా లెక్కించారు. అమెరికాలో 1906లో ఏర్పడిన సంఘం పద్ధతిలో మాత్రం రంగులన్నీ కలిసి ఒకే పర్షియన్ రకం. ఒకే పిల్లి అట్లాంటిక్ సముద్రానికి ఒక వైపు ఒక రకం, మరొక వైపు వేరొక రకం. అస్తిత్వాన్ని పిల్లి శరీరం కంటే నమోదు పుస్తకమే ఎక్కువగా నిర్ణయించిందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అవసరం లేదు.

5. స్వభావం: ఒకే పిల్లికి రెండు సాక్ష్యాలు:

పిల్లి స్వభావం గురించి 18వ శతాబ్ది ఐరోపాలో మంచి అభిప్రాయం లేదు. బుఫాన్ 1756లో వెలువడిన సంపుటంలో పిల్లిని నమ్మదగని సేవకునిగా వర్ణించాడు. ఇంతకంటే ఎక్కువ బాధించే ఎలుకల కోసమే దానిని ఇంట్లో భరిస్తున్నామన్నాడు. మన సామెతల్లోని పిల్లికి, బుఫాన్ పిల్లికి పెద్ద తేడా లేదు.

19వ శతాబ్ది చివరికి మధ్యతరగతి ఇంటి ముందుగదిలో పిల్లికి స్థానం దొరికింది. పొడవాటి బొచ్చు పిల్లి అక్కడ అలంకారంగా మారింది. నేటి ప్రశస్తి ప్రకారం ఆనాటి పర్షియన్ కూడా సౌమ్యమైనదే అయి ఉండాలి. కానీ ప్రమాణాలు రాసిన హారిసన్ వీర్ సాక్ష్యం దీనికి విరుద్ధంగా ఉంది. పర్షియన్ పిల్లులు పొట్టి బొచ్చు పిల్లుల కంటే స్వభావంలో తక్కువ నమ్మదగినవని, పరిశీలనా శక్తిలో అంగోరాల వలె చురుకైనవి కావని ఆయన 1889లో రాశాడు. కొన్నిటిలో దాదాపు క్రూరమనదగిన ప్రవర్తనను కూడా చూశానన్నాడు.

ఈ వాక్యాలను నేటి వర్ణన పక్కన పెడితే మనకు మూడు అవకాశాలు ఉన్నాయి. వీర్ పొరపడి ఉండాలి. లేదా నాటి పిల్లి వేరు, నేటి పిల్లి వేరు కావాలి. లేదా స్వభావం అన్నది పిల్లితో పాటు దాని పెంపకాన్ని, చూసేవారి అపేక్షను కూడా కలుపుకొన్న మాట కావాలి. మొదటిదాన్ని అంగీకరించడం కష్టం, ఎందుకంటే ఆయన ఎన్నో ఏళ్ళు పిల్లులను దగ్గరగా చూసినవాడు, వాటి పట్ల సానుభూతి గలవాడు. మిగిలిన రెండూ కలిసి పనిచేశాయని భావించడం సమంజసం. వీర్ తరువాత వంద సంవత్సరాలకు పైగా ఇళ్ళలో ఉంచడానికి అనువైన పిల్లులనే ఎంచి జతకట్టించారు. అదే సమయంలో పిల్లుల జీవనం కూడా మారింది. ప్రదర్శన గూట్లో చిక్కిన పిల్లిని, పుట్టినప్పటి నుంచి మనుషుల చేతుల్లో పెరిగిన పిల్లిని ఒకే తూకంతో తూచలేం.

మూడవ అవకాశాన్ని మన తెనాలి రామకృష్ణుని కథ చక్కగా విశదం చేస్తుంది. రాయలవారు పెంచమని ఇచ్చిన పిల్లికి రామకృష్ణుడు మొదటిరోజే కాగుతున్న పాలు పోశాడు. మూతి కాలిన పిల్లి ఆ తరువాత పాలను చూస్తేనే పారిపోయింది. సభలో అందరూ అది ఆ పిల్లి వింత స్వభావమనుకున్నారు. కథలోని హాస్యాన్ని అలా ఉంచితే, మనం స్వభావమని పిలిచేది ఒక్కొక్కసారి జంతువు మోస్తున్న అనుభవం మాత్రమేనన్న ఎరుక అందులో ఉంది.

అయితే స్వభావం పూర్తిగా మనుషుల కల్పన అనడం కూడా పొరపాటే. ఫిన్లాండులో 5,726 పిల్లుల ప్రవర్తనపై జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనం రకాల మధ్య స్పష్టమైన తేడాలను చూపింది. అందులో అనువంశికతను లెక్కించిన మూడు రకాలు మెయిన్ కూన్, రాగ్‌డాల్, టర్కిష్ వాన్. వాటి ప్రవర్తనా లక్షణాల్లో కనిపించే వైవిధ్యంలో సుమారు 40 నుంచి 53 శాతం వరకు వంశపారంపర్యమని తేలింది. దీని అర్థం స్వభావంలో కొంత భాగం తల్లిదండ్రుల నుంచి వస్తుందనే. అది పర్షియా నుంచో అంగోరా నుంచో వస్తుందని కాదు. వంశపారంపర్యమైన గుణాన్ని కొన్ని పదుల తరాల ఎంపికతో మార్చవచ్చు. కనుక వంశపారంపర్యం ప్రాచీనతకు రుజువు కాదు.

6. జన్యువుల సాక్ష్యం:

పొడవాటి బొచ్చుకు కారణం ఎఫ్‌జీఎఫ్5 అనే జన్యువులోని ఉత్పరివర్తనాలని 2007లో వెలువడిన పరిశోధనలు నిర్ధారించాయి. రోమం ఎంతవరకు పెరిగి ఆగాలో నియంత్రించే జన్యువు ఇది. దాని పని చెడితే రోమం పెరిగే కాలం ఎక్కువవుతుంది. ఈ లక్షణం అంతర్గతమైనది. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా అందితేనే పిల్లలో బయటపడుతుంది. అంటే పొట్టి బొచ్చు తల్లిదండ్రులకు కూడా పొడవాటి బొచ్చు పిల్ల పుట్టవచ్చు. బుఫాన్ చెప్పిన వాతావరణం కానీ, పల్లాస్ వర్ణించిన అడవిపిల్లి రక్తం కానీ ఇందుకు అవసరం లేదు. పెంపుడు పిల్లులన్నీ పశ్చిమాసియా అడవిపిల్లి సంతతేనని అదే సంవత్సరం మరొక అధ్యయనం తేల్చింది.

2008లో ప్రచురితమైన మరొక అధ్యయనం వివిధ రకాల పిల్లులను వివిధ దేశాల వీధిపిల్లులతో జన్యుపరంగా పోల్చింది. టర్కిష్ అంగోరా, టర్కిష్ వాన్ రకాలు తూర్పు మధ్యధరా ప్రాంతపు పిల్లులతో దగ్గరగా ఉన్నాయి. పర్షియన్ మాత్రం పశ్చిమ ఐరోపా పిల్లుల గుంపులో చేరింది. తూర్పు నుంచి వచ్చిన పూర్వులు దానికి ఉండి ఉండవచ్చు. కానీ ఒకటిన్నర శతాబ్దాల కలయికలో ఆ జాడ పలుచబడింది. పర్షియా నుంచి వచ్చిందన్న పేరు గల పిల్లి లండనులో తయారైన పిల్లి. ఎల్ఫిన్‌స్టన్ 1815లో పేరు గురించి వ్యక్తం చేసిన సందేహం, వేరొక మార్గంలో, రెండు శతాబ్దాల తరువాత బలపడింది.

7. అంకారా పిల్లి పునరాగమనం:

లండనులో పర్షియన్‌లో లయమైన అంగోరా, సొంత ఊళ్ళో లయం కాలేదు. టర్కీ రిపబ్లికు కాలంలో అంకారా జంతుప్రదర్శనశాలలో తెల్లని అంకారా పిల్లులను ప్రత్యేకంగా సంరక్షించి పెంచారు. 1962లో టర్కీలో పనిచేస్తున్న ఒక అమెరికన్ సైనికాధికారి దంపతులు అక్కడి నుంచి ఒక జంటను అమెరికాకు తీసుకువెళ్ళారు. ఆ దశాబ్దం చివర మొదలై 1970లలో ఆ రకానికి అక్కడ గుర్తింపు లభించింది.

ఇక్కడ కూడా అస్తిత్వం ఉన్నది ఉన్నట్టు తిరిగి రాలేదు. జంతుప్రదర్శనశాల తెల్లవాటినే కాపాడింది కనుక అమెరికా సంఘం మొదట తెల్ల పిల్లులనే అంగోరాలుగా అంగీకరించింది. రంగు పిల్లులకు గుర్తింపు 1978లో వచ్చింది. తెలుపుకు ఇచ్చిన ప్రాధాన్యానికి మరొక పర్యవసానం కూడా ఉంది. తెల్లని బొచ్చు, నీలికళ్ళు గల పిల్లులకు చెవుడు ఎక్కువని డార్విన్ 1859 నాటికే గుర్తించాడు. తెలుపును ఇచ్చే కిట్ అనే జన్యువులోని మార్పే దీనికి మూలమని 2014లో తేలింది. జాతీయ చిహ్నంగా తెల్లదనాన్ని కోరుకున్నప్పుడు దానితో పాటు చెవుడునూ ఎంచుకున్నట్టే అయింది. చెవిటి పిల్లి పిలిస్తే పలకకపోవడాన్ని పొగరుగా భావించే యజమానికి అది స్వభావంగానే కనిపిస్తుంది.

మరోవైపు బ్రిటనులో 20వ శతాబ్ది రెండవ భాగంలో కొందరు సయామీ సంబంధం గల పిల్లుల నుంచి సన్నని పొడవు బొచ్చు పిల్లిని తయారుచేసి 'అంగోరా' అని పేరు పెట్టారు. దానికి అంకారాతో సంబంధం లేదు. ఈ గందరగోళం తొలగించడానికి 21వ శతాబ్ది ఆరంభంలో ఆ పేరు మార్చవలసి వచ్చింది. పేరు లేని పిల్లి అంకారాలో, పిల్లి లేని పేరు లండనులో ఉన్న విచిత్ర స్థితి కొన్ని దశాబ్దాలు కొనసాగింది.

8. రూపం చెల్లించిన మూల్యం:

వీర్ గీసిన చిత్రాల్లోను, సింప్సన్ గ్రంథంలోని ఛాయాచిత్రాల్లోను పర్షియన్ పిల్లికి మామూలు ముక్కే ఉంది. గుండ్రని తల, పొట్టి ముక్కు కావాలన్న ప్రమాణాన్ని తరువాతి పెంపకందారులు అంతకంతకు ముందుకు నెట్టారు. 20వ శతాబ్ది చివరికి ముక్కు కొస కళ్ళ మధ్యకు చేరిన చదునైన ముఖం ప్రదర్శనల్లో ఆదర్శమైంది. దీని వల్ల శ్వాస ఇబ్బంది, కన్నీటి నాళం వంకరపోయి నిరంతరం నీరు కారడం, పళ్ళ వరుస చెడిపోవడం, ప్రసవంలో కష్టం వంటివి ఏర్పడుతున్నాయని పశువైద్యులు చెబుతున్నారు. పొట్టి వంశవృక్షాలలో దగ్గరి సంబంధాల వల్ల మూత్రపిండాల్లో తిత్తులు ఏర్పడే వ్యాధి కూడా విస్తరించింది. దానికి కారణమైన ఉత్పరివర్తనాన్ని 2004లో గుర్తించేనాటికి ఈ రకంలో మూడింట ఒక వంతుకు పైగా పిల్లులు దానిని మోస్తున్నాయి. ఇంగ్లండులో 3,235 పర్షియన్ పిల్లుల వైద్య నమోదులను పరిశీలించిన 2019 నాటి అధ్యయనంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించినవి బొచ్చు సమస్యలు, ఆ తరువాత చిగుళ్ళ వ్యాధి.

ఈ వ్యాసాంశానికి అత్యంత కీలకమైన విషయం మరొకటి ఉంది. పిల్లుల ముఖకవళికలను కొలిచి చూసిన 2020 నాటి ఒక అధ్యయనంలో చదునైన ముఖం గల పిల్లులు మామూలుగా ఉన్నప్పుడు కూడా వాటి ముఖంలో నొప్పిని సూచించే పోలికలు కనిపించాయి. అంటే ఆ ముఖం నొప్పిని, నెమ్మదిని వేరుచేసి చూపలేదు. ఊపిరి అందని జంతువు తక్కువగా ఆడుతుంది, తక్కువగా ఎగురుతుంది. దాని నిశ్చలతలో శాంతం ఎంత, అలసట ఎంత? ప్రశాంతమైన పిల్లి అని మెచ్చుకునే ప్రతి ఇంటిలోనూ ఈ ప్రశ్న అడగవలసి ఉంది. రూపాన్ని ముందు నిర్ణయించి, ఆ రూపం విధించిన పరిమితిని తరువాత సద్గుణంగా కీర్తించే ప్రమాదం ఇక్కడ స్పష్టం.

9. 'జాతి' అన్న మాట:

తెలుగులో ఈ చర్చకు ఒక భాషాపరమైన చిక్కు ఉంది. జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో 'జాతి' ఒక పెద్ద వర్గం. పిల్లులన్నీ కలిసి ఒకే జాతి. పశుసంవర్ధక వ్యవహారంలో ఒంగోలు జాతి, పుంగనూరు జాతి అన్నప్పుడు అదే మాట ఒక జాతిలోని పెంపుడు రకాన్ని తెలుపుతుంది. రాజకీయ వ్యవహారంలో జాతి అంటే ప్రజాసమూహం. 'పర్షియన్ జాతి పిల్లి' అని రాసినప్పుడు ఈ మూడు అర్థాలూ తెలియకుండానే కలిసిపోతాయి. జీవశాస్త్ర భేదం, పెంపకపు రకం, ఒక దేశప్రజల గుణం అన్నీ ఒకే మాటలో ఒదుగుతాయి. అప్పుడు 'జాతి స్వభావం' అన్న పదబంధం సహజంగా, ప్రశ్నకు అతీతంగా వినిపిస్తుంది.

పంటల విషయంలో మనకు 'వంగడం' అన్న చక్కని మాట ఉంది. అది మనిషి ఎంపిక చేసి, పెంచి, నిలిపిన రకమన్న స్పృహను కలిగిస్తుంది. వరి వంగడానికి అనాది స్వభావం ఉందని ఏ రైతూ అనుకోడు. అది ఎవరో ఎంచినదని అతనికి తెలుసు. పెంపుడు జంతువుల రకాలకు కూడా ఈ మాటను, లేదా కనీసం 'పెంపుడు రకం' అన్న మాటను వాడటం ఆలోచించదగినది.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• 'పర్షియన్' అన్నది మొదట వాణిజ్యం పెట్టిన పేరు. 1815 నాటికే అది పుట్టినచోటును తెలపదని గుర్తించిన సాక్ష్యం ఉంది. జన్యు అధ్యయనం కూడా నేటి పర్షియన్‌ను పశ్చిమ ఐరోపా పిల్లుల్లో చేర్చింది.

• అంగోరా కనుమరుగు కావడంలో ప్రకృతి కంటే వర్గీకరణ పాత్ర ఎక్కువ. 1903 నాటి ఒక గ్రంథ నిర్ణయం, అప్పటికే మొదలైన కలయికను స్థిరపరిచింది.

• ఈ రకం స్వభావం గురించి 1889 నాటి వర్ణన, నేటి వర్ణన పరస్పర విరుద్ధాలు. స్వభావంలో వంశపారంపర్య భాగం ఉన్నా అది ప్రాచీనతకు నిదర్శనం కాదు.

• రూపానికి రాసిన ప్రమాణాలు జంతువు ఆరోగ్యాన్ని, చివరకు దాని ముఖంలో బాధను చదివే అవకాశాన్ని కూడా దెబ్బతీశాయి.

• తెలుగులో 'జాతి' పదాన్ని ఈ సందర్భంలో జాగ్రత్తగా వాడవలసిన అవసరం ఉంది.

ఒక జంతువు చరిత్రను పరిశీలించినా మనకు చివరికి ఎదురయ్యేది మనిషి వర్గీకరణల చరిత్రే. పేరు పెట్టినవారు, ప్రమాణం రాసినవారు, స్వభావం నిర్ణయించినవారు అందరూ మనుషులే. అవి ఎప్పుడు ఏర్పడ్డాయో తెలిస్తే వాటిని మార్చవచ్చునన్న ఎరుక కూడా కలుగుతుంది. వీర్ నూరు గుణాల పట్టిక ఒకనాడు కాగితం మీద రాసినదే. ముక్కుకు కొంత చోటు వదిలేలా దానిని తిరగరాయడం అసాధ్యం కాదు.